ప్రతి శుక్రవారం పుట్టినరోజు

కువైట్ యుద్ధం వచ్చిన ఆ చలికాలంలో మా అమ్మాయికి ప్రతి శుక్రవారమూ పుట్టినరోజే. నవ్వొస్తే నవ్వండి. మొదట్లో మేమూ నవ్వుకున్నాం.

సౌదీలో, యాన్బు అనే ఊళ్ళో కంపెనీ కాంపౌండులో ఉండేవాళ్ళం. ఇళ్ళన్నీ ఒకటే మోస్తరు. ముందు చాపంత పచ్చిక, నడుమెత్తు గోడ, గోడ పక్కన కారు. మా ఆయన శాంసన్ ప్లాంటులో సూపర్‌వైజరు, నేను ఆసుపత్రిలో నర్సుని. ఆయనది భీమవరం, నాది పాలకొల్లు. అక్కడ చర్చి ఉండదు, బయటికి వినబడేలా పాట పాడకూడదు. అందుకని శుక్రవారం సెలవు పూట ఓ పన్నెండు మందిమి మా హాల్లో తలుపులు వేసుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఎవరైనా తలుపు కొడితే పుట్టినరోజు పార్టీ అని చెప్పాలి. బల్ల మీద కేకు, గోడకి నాలుగు బెలూన్లు, బైబిళ్ళు సోఫా దిండ్ల కింద. పాట బయటికి పొక్కకుండా టీవీలో గట్టిగా ఏదో ఒక సినిమా.

ఆ సినిమా దగ్గరే చిక్కొచ్చింది. మొదట్లో మన సినిమాలే వేసేవాళ్ళం. పాటొచ్చిందంటే చాలు, కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్న వరదానం గారి కాలు నేల మీద తాళం వేసేది. ఆయన లేబర్ క్యాంపులో ఉండే ఫిట్టరు, మా అందరిలోకీ పెద్దాయన. పెద్దాయనైతే మాత్రం కాలు ఆగద్దూ! మా ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"మనకి ముక్క అర్థం కాని సినిమా చూడు ఏంజెలూ," అన్నాడు నాతో. అన్నారు అనాలి. ఆ చలికాలం తరవాత నా నోటికి ఆ మర్యాద రావడం మానేసింది.

పక్కింట్లో పిలార్ అని స్పెయిన్ ఆవిడ ఉండేది. యుద్ధం తప్పదని తేలాక, డిసెంబర్లో పిల్లల్ని తీసుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, మొక్కల కుండీలతో పాటు వాళ్ళ భాష సినిమా కేసెట్టు ఒకటి నా చేతిలో పెట్టింది. అప్పట్నుంచీ వారం వారం అదే సినిమా.

ప్రార్థనలో నా పనేంటంటే, టీవీ పక్కన కూర్చుని ఒక చెయ్యి వాల్యూమ్ మీద, ఒక కన్ను కర్టెన్ సందులోంచి వీధి మీద వెయ్యడం. అందరి కళ్ళూ మూసుకుని ఉంటే నావి మాత్రం తెరిచి ఉండేవి. అలా ఆ సినిమా నాకు కంఠతా వచ్చేసింది, చివర తప్ప. చివరికి రాకుండానే మావాళ్ళు ఆమెన్ అనేసేవారు, మా ఆయన లేచి ఆపేసేవాడు. సినిమాలో ఊరి బయట కొత్తగా కట్టిన వరస ఇళ్ళు, అచ్చం మా కాంపౌండే. తండ్రి ఆఫీసు నుంచి వస్తాడు. టై వదులు చేసుకుంటాడు. అందరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుంటారు. తల్లి సూపు వడ్డిస్తుంది. తండ్రి ఆవిడ వంక చూసి ఏదో అంటాడు, పిల్లలూ ముసలావిడా విరగబడి నవ్వుతారు. తల్లి నవ్వదు. గరిటె పట్టుకుని అలాగే నుంచుంటుంది. మళ్ళీ రెండోపూట భోజనం, మళ్ళీ ఆ మాటే, మళ్ళీ నవ్వు.

ఏమంటున్నాడో నాకు తెలీదు. తెలియకపోవడానికేముంది, మా హాల్లో అదే కదా జరుగుతోంది!

మావాళ్ళలో ప్రార్థన మనవులని ఉంటాయి. ఎవరి కష్టం వాళ్ళు లేచి చెప్పుకుంటే మిగతావాళ్ళు దాని కోసం ప్రార్థన చేస్తారు. మా ఆయన కష్టం ఎప్పుడూ నేనే.

"నా ఇంటిది కోపిష్టి మనిషండి," అనేవాడు, గొంతు వణికిస్తూ. "నోరు అదుపులో ఉండదు. నైట్ డ్యూటీలని చెప్పి పరాయి మగాళ్ళ ఒళ్ళు తుడిచొచ్చి, మొగుడికి అన్నం పెట్టడానికి విసుక్కుంటాది. ఆవిడ కోసం భారంగా ప్రార్థన చెయ్యండి."

"ఆమెన్," అనేవారందరూ. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు నా నోటి గురించీ, నా గర్వం గురించీ దేవుడికి చెప్పుకునేవారు. పోనీ కాదందామంటే దేవుడితో మాట్లాడుతుంటే అడ్డుపడ్డానంటారు. మా వార్డులోనే పనిచేసే సునీత, నాతో పాటు అవే ఒళ్ళు తుడిచే సునీత, అదీ గట్టిగా ఆమెన్ అంది.

"నువ్వు కూడా ఆమెనేనా తల్లీ?" అనడిగాను మర్నాడు డ్యూటీలో.

"ఏం చెయ్యనక్కా, అందరూ అన్నారుగా," అంది, సెలైన్ మారుస్తూ.

జనవరిలో బాంబులు మొదలయ్యాయి. మా వైపు ఒక్కటీ పడలేదు. అయినా అందరూ కిటికీ అద్దాలకి టేపులు అంటించారు, పెళ్ళాల్నీ పిల్లల్నీ ఊళ్ళకి పంపేశారు. కాంపౌండులో మనవాళ్ళ పిల్లలంటూ మిగిలింది మా దీవెన ఒక్కతే. ఏడేళ్ళది. దాన్నీ పంపించెయ్యాలని మా ఆయన పట్టుదల. ఎక్కడికనుకున్నారు? భీమవరంలో వాళ్ళక్క వరమ్మ దగ్గరికి.

వరమ్మ వదిన చేతిలోనే మా ఆయన పెరిగాడు. చిన్నప్పుడు అబద్ధం చెబితే రాళ్ళ ఉప్పు పోసి దాని మీద మోకాళ్ళేయించేదట. ఆ మచ్చలు ఆయన మోకాళ్ళ మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటిని గొప్పగా చూపించుకుంటాడు కూడా. ఆవిడ చేతికి నా పిల్లనిస్తానా? చచ్చినా ఇవ్వనని చెప్పేశాను. నాతో కాదని మావాడు ఈ సంగతి శుక్రవారానికి ఎక్కించాడు.

"దీవెనని ఇండియా పంపమని ప్రభువు నాకు బయలుపరిచాడండి," అన్నాడు.

దేవుడే చెప్పాక ఇంక నేనేం మాట్లాడతాను? ఎవరో ఆమెన్ అనబోతుంటే వరదానం గారు గొంతు సవరించుకున్నారు.

"అది సరేగానీ బ్రదరూ, పాప వెళ్ళిపోతే కేకెవరు కోస్తారు? ఇంతమంది మీసాలోళ్ళం బెలూన్లు కట్టుకుని కూర్చుంటే ఎవడు నమ్ముతాడయ్యా?"

అందరూ ఆలోచనలో పడ్డారు. పిల్లలంటే మరి ఇంకెవరూ లేరు. కాసేపు గుసగుసలయ్యాక, యుద్ధం అయిపోయేదాకా పాప ఉండటమే మంచిదని ప్రభువు మనసు మార్చుకున్నాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ముసలాయన కాళ్ళకి దండం పెడదామనిపించింది. వంటింట్లోకి పోయి కేకులో ఇంకో రెండు గుడ్లు ఎక్కువ కొట్టాను.

ఇక దీవెనకి చదువు నేర్పాం. శుక్రవారం పొద్దున్నే మంచి గౌను వేసి బల్ల దగ్గర కూర్చోబెట్టేదాన్ని.

"ఎవరైనా వస్తే ఏం చెప్పాలి?"

"ఇవాళ నా పుట్టినరోజు. నాకు ఏడేళ్ళు."

"పోయిన వారం ఏంటి అంటే?"

"పోయిన వారం ఏమీ లేదు."

బాగా చెప్పిందని వాళ్ళ నాన్న ముద్దు పెట్టుకునేవాడు. వారం వారం అవే ఏడు కొవ్వొత్తులు. వెలిగించి, ఆర్పి, కడిగి డబ్బాలో పెట్టేదాన్ని. ఫిబ్రవరి వచ్చేసరికి అరిగిపోయి మొలకల్లా అయ్యాయి. దీవెన వాటి వంక చూసి ఓసారి అడిగింది.

"మమ్మీ, నా నిజం పుట్టినరోజెప్పుడు?"

"మార్చి పదిహేను."

"ఏ వారం?"

కేలండర్ చూశాను. ఖర్మ కాకపోతే, శుక్రవారం.

"మరి అది నిజందని నాకెలా తెలుస్తుంది?"

"ఎనిమిది కొవ్వొత్తులు పెడతానమ్మా. కొత్తవి," అన్నాను. ఆ రోజు నుంచీ అది కొవ్వొత్తుల మాటే. బడికి వెళ్ళేటప్పుడూ అదే, పడుకునేటప్పుడూ అదే.

మార్చికి యుద్ధం అయిపోయింది. పదిహేనో తారీఖున అనాసపండు ముక్కలు పెట్టి పెద్ద కేకు చేశాను. గులాబీ రంగు గౌను, ఎనిమిది పొడుగాటి కొవ్వొత్తులు. ఎప్పటిలాగే జనం వచ్చారు, ఎప్పటిలాగే సినిమా పెట్టాను. వాళ్ళకి ఆ రోజూ ఉత్త శుక్రవారమే. ఒక్కరూ పాపకి శుభాకాంక్షలు చెప్పలేదు. ప్రార్థన అయ్యాక చెబుతారులే అనుకున్నాను.

ప్రార్థన మధ్యలో బెల్లు మోగింది. నేను వీధి వైపు చూస్తూనే ఉన్నాను, మనిషి మాత్రం కారు పెట్టే పక్క నుంచి వచ్చాడు. పుస్తకాలు దిండ్ల కిందకి వెళ్ళాయి. మా ఆయన తలుపు తీశాడు.

కాంపౌండు సెక్యూరిటీ పెద్ద, సూడాన్ ఆయన. ఆరడుగుల మనిషి, నెమ్మదస్తుడు. ఇంగ్లీషులో మాట్లాడాడు. ఎదురింటాయన నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నాడట, టీవీ మోతకి నిద్ర పట్టడం లేదని ఫోన్ చేశాడట. అంతే సంగతి. మేం దేన్ని దాచడానికి అంత మోత పెట్టామో, ఆ మోతే మనిషిని ఇంటికి తెచ్చింది.

సారీ సార్, తగ్గిస్తాం సార్ అన్నాడు మా ఆయన. అతను వెళ్ళిపోయేవాడే. కేకు మీద కన్ను పడింది.

"మళ్ళీ పుట్టినరోజా?" అన్నాడు. "రౌండ్లకి వచ్చినప్పుడల్లా మీ కిటికీలో కేకు కనిపిస్తుంది. ఎవరిది ఇవాళ?"

దీవెన కుర్చీలోంచి గెంతి కిందకి దిగింది.

"నాది! ఇవాళ నిజంగానే నాది!"

"నిజంగానే అంటే?" అన్నాడతను. "మరి మిగతావి?"

దీవెన వాళ్ళ నాన్న వంక చూసింది. పోయిన వారం ఏమీ లేదని చెప్పాలని దానికి తెలుసు. కానీ అతను చూశానంటున్నాడే! ఏం చెయ్యాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడిపోయింది. టీవీలో సూపు వడ్డిస్తున్నారు.

మా ఆయన నవ్వాడు. వెళ్ళి పాప భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమనుకోకండి సార్. మా పాపకి అబద్ధాలాడే జబ్బుంది. వారం వారం నాకు పుట్టినరోజని ఏడుస్తుంది. ఏడుపు మాన్పించడానికి కేకు పెట్టి నలుగుర్ని పిలుస్తాం. తల్లి డ్యూటీలకి పోతుంది కదా, ఇంట్లో చూసేవాళ్ళు లేక ఇలా తయారైంది. ఇవాళ కూడా కాదు సార్ దీని పుట్టినరోజు."

టీవీలో అందరూ విరగబడి నవ్వారు.

నోరు పెద్దదని ఊరంతా ప్రార్థనలు చేశారే, ఆ నోరు నాకు అప్పుడు లేవలేదు. కాదంటే పన్నెండు మందినీ విమానం ఎక్కిస్తారు. పాప చెవుల్లో ఆ మాట పడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ సూడాన్ ఆయన పాపం మంచివాడు. మోకాళ్ళ మీద కూర్చుని పాప ముఖంలోకి చూశాడు. జేబులోంచి ఒక చాక్లెట్టు తీసి చేతిలో పెట్టాడు.

"అబద్ధం చెప్పకూడదు బిడ్డా," అన్నాడు. టీవీ తగ్గించుకోమని మరోసారి చెప్పి వెళ్ళిపోయాడు.

మా ఆయన తలుపు వేసి గడియ పెట్టాడు.

"డాడీ, ఇవాళ నిజమే కదా?" అంది దీవెన.

ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. "సమయానికి ప్రభువే నీ నోట మాట అందించాడయ్యా," అంటూ వరదానం గారు మా ఆయన్ని కావలించుకున్నారు. సునీత ఏడ్చేసింది, భయం తీరిపోయి. అక్కడితో ఆగినా పోయేది. మా ఆయనకి ఆగడం ఎప్పుడు వచ్చు గనక!

"ఒక రకంగా చూస్తే నేను చెప్పింది అబద్ధం కూడా కాదండి," అన్నాడు. "ఇన్ని వారాల నుంచీ చెప్పీ చెప్పీ పిల్ల నోటికి అబద్ధం అలవాటైపోయింది. ఆ అబద్ధపు ఆత్మ దీన్ని విడిచిపోవాలని ప్రార్థన చేద్దాం."

అందరూ చుట్టూ చేరి పాప తల మీద చేతులు పెట్టారు. ఆ చేతుల బరువుకి దాని తల వంగిపోయింది, జడ క్లిప్పు పక్కకి జారింది. ఆ చేతుల కిందనుంచి నా వంక చూసింది. అందరూ ఆమెన్ అన్నాక తనూ ఆమెన్ అంది. ఎనిమిది కొవ్వొత్తులూ ఎవరూ వెలిగించలేదు.

జనం వెళ్ళాక వంటింట్లో ఆయన్ని పట్టుకున్నాను.

"వచ్చే శుక్రవారం అందరి ముందూ చెప్పండి, పాప నిజమే చెప్పిందని."

"ఎందుకు? నిజమేనని మనందరికీ తెలుసుగా," అన్నాడు కేకు తింటూ.

"మనకి కాదు, దానికి తెలియాలి."

"చిన్నపిల్ల. మర్చిపోద్దిలే."

వచ్చే శుక్రవారం వచ్చింది. ఆయన లేచాడు. చెబుతాడేమోనని పిచ్చిదాన్ని, చెవులు రిక్కించి కూర్చున్నాను.

"ఆ సెక్యూరిటీవాడు మళ్ళీ వస్తాడండి," అన్నాడు. "పాపని విడిగా అడుగుతాడు. దానికింకా తెలివితేటలు రాలేదు, ఉన్నదున్నట్టు చెప్పేస్తాది. పంపెయ్యడమే మంచిది."

నేను వరదానం గారి వంక చూశాను. ఆయన నేల చూపులు చూశారు.

"పాప వెళ్ళడమే క్షేమం సిస్టర్. యుద్ధం అయిపోయింది, మిగతావాళ్ళ పిల్లలు వచ్చేస్తున్నారు. కేకుకి ఎవరో ఒకరు ఉంటారు."

ఇంక మా ఆయన ప్రార్థన అందుకున్నాడు. కళ్ళు మూసుకుని, చేతులు చాచి, గొంతెత్తి, నా బిడ్డ అబద్ధపు నోటిని శుద్ధి చెయ్యమని దేవుణ్ణి అడుగుతున్నాడు. నా చెయ్యి వాల్యూమ్ మీదే ఉంది కదా. తిప్పేశాను, పూర్తిగా.

సినిమా మూగపోయింది. హాల్లో ఆయన గొంతొక్కటే ఖంగున మోగింది, వీధి చివరికి వినబడేంత. అందరి కళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆయన నోరు మధ్యలో ఆగిపోయింది.

"దీవెన పుట్టినరోజు మార్చి పదిహేను," అన్నాను. "పోయిన శుక్రవారం. నిజంగానే."

అరవలేదు, మామూలుగానే చెప్పాను. చెప్పి, వాల్యూమ్ మళ్ళీ పెంచాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

పిల్ల పేరు ఆయన ఇకామాలో, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి పుస్తకంలో ఉంది. ఎగ్జిట్ కాగితాల మీద ఆయన సంతకం చాలు, నాది ఎవరూ అడగలేదు. వెంట వెళ్ళిపోదామంటే నా పాస్‌పోర్టు ఆసుపత్రి వాళ్ళ దగ్గర, కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర. ఏడ్చాను, తిట్టాను, వారం రోజులు ఆయనకి అన్నం పెట్టలేదు. దాని మీద కూడా ప్రార్థన జరిగింది. జెద్దా ఎయిర్‌పోర్టులో, ఇండియా పోతున్న ఒక కుటుంబానికి పాపని అప్పగించాం. లోపలికి వెళ్ళబోతూ దీవెన ఆ చాక్లెట్టు తీసి నా చేతిలో పెట్టింది. విప్పలేదు, తినలేదు.

"ఇది అబద్ధం చెప్పినందుకు ఇచ్చారు మమ్మీ," అంది. "నాకొద్దు."

ఏప్రిల్లో పిలార్ తిరిగొచ్చింది. కేసెట్టు ఇచ్చేసే ముందు ఒక్కదాన్నే కూర్చుని చివరిదాకా చూశాను. మళ్ళీ ఆ భోజనాల బల్లే. మళ్ళీ తండ్రి ఆ మాటే అన్నాడు. పిల్లలు నవ్వారు, ముసలావిడ నవ్వింది. ఈసారి తల్లి కూడా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వుతూ సూపు వడ్డించింది. అయిపోయింది సినిమా.

"అతను ప్రతిసారీ ఏమంటాడు?" అని పిలార్‌ని అడిగాను.

"ఓ, అదొక జోకు. ఇంగ్లీషులో చెబితే బాగుండదు," అంది.

మరుసటి ఏడాది మార్చి పదిహేనుకి, డ్యూటీ దిగగానే ఫోను బూత్‌కి వెళ్ళి భీమవరం కలిపాను. వరమ్మ వదిన ఎత్తింది.

"మీ పిల్ల బాగానే ఉందిలే. తమ్ముడు ముందే రాశాడు, అబద్ధాలాడుతుందని. వచ్చిన కొత్తలో కాస్త ఉప్పు ఖర్చయింది. ఇప్పుడు దాని నోట అబద్ధం రమ్మన్నా రాదు."

ఫోను పాపకి ఇచ్చింది.

"వందనాలు మమ్మీ."

గొంతు పెద్దదైపోయింది.

"నా బంగారుతల్లీ, తొమ్మిదేళ్ళొచ్చాయమ్మా నీకు. ఇవాళ నీ పుట్టినరోజు."



"కాదు మమ్మీ," అంది దీవెన. "ఇవాళ నా పుట్టినరోజు కాదు. అబద్ధం చెప్పకూడదు."

వెనకనుంచి వరమ్మ వదిన గొంతు వినబడింది. "అదీ. అలా చెప్పాలి," అంటోంది.